40 ఎండా, 104 జ్వరమూ ఒకటే

నరసరావుపేటలో మందుల షాపు పెట్టి 27 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో అమ్మిన థర్మామీటర్లకు లెక్క లేదు. ఈమధ్య వాటిలో కొన్ని "పని చేయట్లేదు" అంటూ వెనక్కి వస్తుంటాయి. తీసి చూస్తే శుభ్రంగా పని చేస్తూనే ఉంటాయి.

మొన్న ఉగాదికి ముందు ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. "బాబాయ్ గారూ, వీడి ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే ఇది ముప్పై ఎనిమిదిన్నర అంటోందండీ. ముప్పై ఎనిమిదేంటి? ఇది మార్చి వేరేది ఇవ్వండి" అంది. తీసుకుని చూశాను. 38.5, పక్కనే ఆవగింజంత ఇంగ్లీషు సి అక్షరం. పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టాను. మిషన్ నిజమే చెబుతోంది.

మన ఇళ్ళల్లో రెండు కొలతలు కలిసి కాపురం చేస్తుంటాయి. జ్వరమేమో ఫారన్‌హీట్‌లో, ఎండేమో సెల్సియస్‌లో. "రాత్రి నూటరెండు వచ్చింది" అన్న నోటితోనే "రెంటచింతలలో నలభై ఆరంట" అంటాం. ఏ కొలతో ఎవరూ చెప్పరు, అడగరు. నూరు దాటితే జ్వరం, యాభై లోపైతే ఎండ, అంతే. ఈ లెక్క తలకిందులైనప్పుడే టెన్షన్. డిజిటల్ థర్మామీటర్ జ్వరాన్ని సెల్సియస్‌లో చూపించినప్పుడు, అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఎండ 95 అని చెప్పినప్పుడు, యూట్యూబ్‌లో ఎవరో ఓవెన్ 350లో పెట్టమన్నప్పుడు. ఈ మూడూ నాకు అనుభవమే. అందుకే మా కౌంటర్ అద్దం కింద ఒక కాగితం పెట్టుకున్నాను. దాని మీదున్నదే ఇక్కడ విడమర్చి రాస్తున్నాను.

ముందు ఒక కొలతని ఇంకో కొలతలోకి మార్చే లెక్కలో వచ్చే 32 సంగతి చెప్పాలి. అది తెలిస్తే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

ఫారన్‌హీట్ అనేది మనిషి పేరు. 1686లో డాంజిగ్‌లో పుట్టాడు, ఇప్పుడా ఊరు పోలండ్‌లో ఉంది. పాదరసం థర్మామీటర్ తయారుచేసి, తన స్కేలుని 1724లో ప్రకటించాడు. ఐసు, నీళ్ళు, నవాసారం కలిపితే వచ్చే చలి దగ్గర సున్నా పెట్టుకున్నాడు. నవాసారం అంటే ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళ దగ్గర ఉండేదే. ఇప్పుడు కళాయి వాళ్ళూ లేరు, అది వేరే కథ. ఆ లెక్కలో ఉత్త ఐసు నీళ్ళు 32 దగ్గర, మనిషి ఒంటి వేడి 96 దగ్గర వచ్చాయి. తరవాత నీళ్ళు మరిగేది 212 అని ఖాయం చేసుకున్నాక ఒంటి వేడి కాస్త పైకి జరిగింది. సెల్సియస్ స్వీడన్ మనిషి. 1742లో ఆయన గడ్డకట్టడానికీ మరగడానికీ మధ్య నూరు మెట్లు పెట్టాడు. కానీ మరిగే నీళ్ళకు సున్నా, గడ్డకట్టే నీళ్ళకు 100! 1744లో ఆయన పోయాక మిగతావాళ్ళు దాన్ని తిరగేసి ఇప్పుడున్నట్టు పెట్టారు.

అంటే నీళ్ళు గడ్డకట్టే చోటు నుంచి మరిగే చోటు దాకా ఒకాయన మెట్లు 100, ఇంకొకాయనవి 180. వందకి నూట ఎనభై అంటే అయిదుకి తొమ్మిది. ఒకాయన సున్నా నుంచి ఎక్కడం మొదలుపెడితే ఇంకొకాయన 32 నుంచి మొదలుపెడతాడు. ఈ రెండు ముక్కలే మొత్తం సూత్రం.

స్కూల్లో తొమ్మిది బై అయిదు అని నేర్పారు. కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే ఆ భాగహారం నా వల్ల కాదు. నేను చేసేది ఇది.

సెల్సియస్‌ని ఫారన్‌హీట్ చేయాలంటే, అంకెని రెట్టింపు చేయండి. వచ్చినదాంట్లో పదో వంతు తీసేయండి. ఆఖర్న 32 కలపండి. 45 డిగ్రీల ఎండ తీసుకోండి. రెట్టింపు 90. పదో వంతు 9 తీస్తే 81. 32 కలిపితే 113. ఇది ఉజ్జాయింపు కాదు, పైసా తేడా లేని లెక్క. ఆ పిల్లాడి 38.5 చూద్దాం. రెట్టింపు 77, అందులోంచి 7.7 తీస్తే 69.3, దానికి 32 కలిపితే 101.3. అదీ వాడి జ్వరం.

వెనక్కి రావాలంటే ముందు 32 తీసేయండి. మిగిలినదాన్ని సగం చేయండి. ఆ సగంలో తొమ్మిదో వంతు దానికే కలపండి. 104 ఉందనుకోండి. 32 పోతే 72, సగం 36, అందులో తొమ్మిదో వంతు 4, మొత్తం 40. తొమ్మిదో వంతు ఎప్పుడూ ఇంత మర్యాదగా రాదు. రానప్పుడు పదో వంతు కలిపి, ఆ పదో వంతులో మళ్ళీ పదో వంతు కలపండి. 88 అనుకోండి. 32 పోతే 56, సగం 28, దానికి 2.8, ఇంకో 0.28 కలిపితే 31.08. అసలు జవాబు 31.11. ఈమాత్రం తేడాకి ఎవరికీ చెమట ఎక్కువ పట్టదు.

చాలామంది తప్పు చేసేది 32 దగ్గరే. ఎప్పుడు కలపాలి, ఎప్పుడు తీయాలి? చెప్పులు గుర్తు పెట్టుకోండి. బయటికెళ్ళేటప్పుడు అన్నీ అయ్యాక ఆఖర్న వేసుకుంటాం. ఇంటికి రాగానే గుమ్మంలో ముందు అవే విడుస్తాం. ఫారన్‌హీట్‌కి వెళ్ళేటప్పుడు 32 ఆఖర్న, అక్కణ్ణుంచి ఇంటికి వచ్చేటప్పుడు మొదట. చెప్పులతో ఇంట్లోకి వస్తే, అంటే 104ని ముందే సగం చేసేస్తే, ఇక ఆ లెక్కంతా మట్టే.

ఇంకో మాట ప్రచారంలో ఉంది: రెట్టింపు చేసి 30 కలిపితే చాలని. నేను కూడా అదే వాడేవాణ్ణి. మా షాపు కుర్రాడికీ అదే నేర్పాను. వాడు చురుకైనవాడు, ఒక్కసారి చెబితే పట్టేస్తాడు. అదే కొంప ముంచింది.

సెప్టెంబరు, వైరల్ జ్వరాల సీజను. రాత్రి తొమ్మిదిన్నరకి నేను భోజనానికి ఇంటికెళ్ళాను. షాపుకి ఫోనొచ్చింది. "మా అమ్మకి ఒళ్ళు నొప్పులన్నా, మీ దగ్గర కొన్న థర్మామీటర్ పెడితే 37 చూపిస్తోంది, అంటే ఎంత?" అని. కుర్రాడు టకటకా లెక్కేశాడు. రెట్టింపు 74, 30 కలిపితే 104. "అమ్మో, నూటనాలుగన్నా! వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి" అన్నాడు. వాళ్ళు ఆ పెద్దావిడ నుదుటి మీద తడిగుడ్డ వేసి, ఆటోలో పడేసి తీసుకెళ్ళారు. అక్కడ చూస్తే ఆవిడకి జ్వరమే లేదు. తెల్లారి కొడుకు షాపుకొచ్చి గొడవేం పెట్టుకోలేదు గానీ, "ఆటోకి రానూ పోనూ అయిందన్నా, పైగా అమ్మ రాత్రంతా భయపడింది" అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. కుర్రాడు నేను నేర్పిన లెక్కే చేశాడు.

ఆ రోజు కూర్చుని రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూశాను. 37కి రెట్టింపు 74, పదో వంతు 7.4 తీస్తే 66.6, 32 కలిపితే 98.6. ముతక లెక్క చెప్పింది 104. తేడా 5.4. మామూలు ఒంటి వేడికీ 104 జ్వరానికీ మధ్య ఉన్న దూరం కూడా సరిగ్గా అదే 5.4. జ్వరం మొత్తం పట్టేంత తప్పు! ముతక లెక్క 10 డిగ్రీల దగ్గర చక్కగా 50 చెబుతుంది, 20 దగ్గర 68కి బదులు 70 అంటుంది, అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. చలిదేశాల వాళ్ళకి పనికొస్తుందేమో. పల్నాడు ఎండకీ, జ్వరానికీ మాత్రం వద్దు. పదో వంతు తీయడానికి రెండు సెకన్లు పట్టదు.

జ్వరానికైతే లెక్క కూడా అక్కర్లేదు. 40 అంటే 104 అన్నది గుర్తుంచుకోండి. అక్కణ్ణుంచి సెల్సియస్‌లో అర డిగ్రీ తగ్గితే ఫారన్‌హీట్‌లో 0.9 తగ్గుతుంది. 39.5 అంటే 103.1. 39 అంటే 102.2. 38.5కి 101.3, 38కి 100.4, 37.5కి 99.5, 37కి 98.6. మా కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసింది 38 దగ్గర. డాక్టర్లు మామూలుగా జ్వరం అని లెక్కేసేది అక్కణ్ణుంచే.

ఆ 98.6 సంగతి ఒకటి చెప్పాలి. పాయింట్ ఆరు దాకా ఉంది కదా, ఎంత నిక్కచ్చిగా కొలిచారో అనుకునేవాణ్ణి. జర్మనీలో వుండర్లిష్ అనే డాక్టరు వేలమంది రోగుల ఒంటి వేడి కొలిచి 1868లో పుస్తకం వేశాడు. ఆయన చెప్పిన సగటు 37. గుండు అంకె. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 వచ్చింది. ఆ పాయింట్ ఆరు మార్పిడిలో పుట్టిందే. అందుకని పొద్దున 97.8, సాయంత్రం 99 వచ్చిందని కంగారుగా ఫోన్ చేసేవాళ్ళకి, రోజులో ఒంటి వేడి ఆమాత్రం అటూ ఇటూ అవుతుందని చెబుతుంటాను.

ఎండకి, ఏసీకి వేరే నిచ్చెన. సెల్సియస్‌లో 5 ఎక్కితే ఫారన్‌హీట్‌లో 9 ఎక్కుతుంది. 0 అంటే 32, 5 అంటే 41, ఆ తరవాత 50, 59, 68, 77, 86, 95, 104, 113. పదిసార్లు పైకి చదివితే తొమ్మిదో ఎక్కంలా నోటికొచ్చేస్తుంది. పిల్లలకి నచ్చేవి ఇంకో రెండున్నాయి. 16 అంటే దాదాపు 61, 28 అంటే దాదాపు 82. అంకెలు తిరగేస్తే సరి. ఇప్పుడొచ్చే ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర ఉంటాయి కదా, 2020 జనవరి నుంచి అలా ఉండాలని రూలు పెట్టారు. అది 75.2. అమెరికాలో మా అమ్మాయి వాళ్ళింట్లో గది వేడిని సర్దే థర్మోస్టాట్ 72 మీద ఉంటుంది, అంటే 22కి కాస్త పైన. మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడ గోడ మీద 72 చూసి "ఇంత వేడి పెట్టుకుని శాలువా కప్పుకుంటారేంటే?" అంది.

అమ్మాయి ఉండేది షికాగో దగ్గర. 2019 జనవరి 30న పొద్దున్నే ఫోన్ చేసి "నాన్నా, ఇవాళ మైనస్ 23" అంది. లంబసింగిలో సున్నా అంటేనే టీవీలో చూపిస్తారు, మైనస్ 23 అంటే చాలా చలే అనుకున్నాను. తరవాత వెలిగింది, అది ఫారన్‌హీట్ అని. మైనస్‌తో లెక్క కాస్త నెమ్మదిగా చేయాలి. మైనస్ 23లోంచి 32 తీస్తే ఇంకా కిందికి పోయి మైనస్ 55. సగం మైనస్ 27.5. తొమ్మిదో వంతు కూడా మైనస్‌లోనే, సుమారు 3.1. మొత్తం మైనస్ 30.6. ఇక్కడ కంగారులో 55కి బదులు 9 రాసుకునేవాళ్ళున్నారు, 32లోంచి 23 తీసేసి. ఇటు నుంచి అటు వెళ్ళేటప్పుడూ అంతే జాగ్రత్త. మైనస్ 10 సెల్సియస్‌కి రెట్టింపు మైనస్ 20, పదో వంతు తీస్తే మైనస్ 18, 32 కలిపితే 14. సెల్సియస్‌లో మైనస్ ఉన్నది ఫారన్‌హీట్‌లో మామూలు అంకె అయిపోయింది చూశారా. ఇంకా ఇంకా కిందికి పోతే మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ ఒకే అంకె చెబుతాయి. ఆ చలిలో నిలబడి ఏ కొలత అని అడిగేవాడు ఉండడు.

మా అల్లుడు ఓసారి నన్ను ఆటపట్టించాడు. "మామయ్యగారూ, మీ దగ్గర మామూలు కంటే 5 డిగ్రీలు ఎక్కువట. ఫోన్‌లో కొడితే 5 అంటే 41 అని వచ్చింది. మాకు 41 డిగ్రీలు పెరిగినట్టా?" అని. సరదాకి అన్నా, ఆ తప్పు నిజంగా చేసేవాళ్ళున్నారు. వేడి ఎంత ఉందో చెప్పేటప్పుడే 32. ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనేదానికి 32 ముట్టుకోకూడదు, 1.8తో హెచ్చవేయడమే. 5 డిగ్రీలు ఎక్కువంటే వాళ్ళ లెక్కలో 9 ఎక్కువ. జ్వరం 38.5 నుంచి 37.5కి దిగితే "ఒక్క డిగ్రీయేనా తగ్గింది" అని దిగులు పడకండి, మన అలవాటు లెక్కలో 101.3 నుంచి 99.5కి వచ్చింది, దాదాపు రెండు.

ఇక మా ఆవిడ కేకు. అమ్మాయి పంపిన వీడియో చూసి చేసింది. అందులో 350 అన్నారు. మా ఓవెన్ డయల్ 250తో ఆగిపోతుంది. "మనది చిన్నది కదా, ఫుల్లు పెడితే సరిపోతుందిలే" అని చివరికంటా తిప్పేసింది. ఇరవై నిమిషాలకి ఇల్లంతా పొగ. పైన బొగ్గు, కోస్తే లోపల ఇడ్లీ పిండిలా పచ్చిగా ఉంది. 350లోంచి 32 తీస్తే 318, సగం 159, దానికి 15.9, ఇంకో 1.6 కలిపితే 176.5. డయల్‌ని 175కీ 180కీ మధ్య ఎక్కడ పెట్టినా సరిపోయేది. ఓవెన్‌కి అంతకన్నా నిక్కచ్చి లెక్క అనవసరం. 325 అంటే సుమారు 165, 400 అంటే సుమారు 205, 450 అంటే 230. వాట్సాప్‌లో రెసిపీ వస్తే ముందు ఆ అంకె ఏ దేశానిదో చూసుకోండి. 250 దాటి ఉంటే అనుమానం కూడా అక్కర్లేదు.

మందుల దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు అక్కడి ఇన్సులిన్ తెచ్చి "దీని మీద 36 నుంచి 46 అని ఉంది, బయట పెట్టొచ్చుగా?" అని అడుగుతారు. మన ఎండాకాలం అంకెల్లా ఉంటాయి మరి. అది ఫారన్‌హీట్. సెల్సియస్‌లో 2 నుంచి 8, అంటే ఫ్రిజ్. ఫ్రీజర్‌లో అసలు పెట్టకూడదు, గడ్డకడితే పారేయడమే. అక్కడి మాత్రల డబ్బాల మీద 68 నుంచి 77 అని ఉంటే 20 నుంచి 25 అన్నమాట. మే నెలలో మూసిన కారులో డాష్‌బోర్డు మీద పెట్టే సరుకు కాదు.

కెల్విన్ గురించి అడిగేది ఇంటర్ పిల్లలే. దానికి 32తో పనిలేదు. సెల్సియస్‌కి 273.15 కలపడమే, వెనక్కి రావాలంటే తీసేయడమే. 1848లో విలియం థామ్సన్, తరవాత లార్డ్ కెల్విన్ అయ్యాడు, ఇక ఇంతకన్నా చల్లగా ఏదీ ఉండలేదు అనే చోటు నుంచి లెక్కపెట్టాలన్నాడు. అందుకే అందులో మైనస్ ఉండదు. డిగ్రీ అనే మాట కూడా వాడరు, 300 కెల్విన్ అంటారు అంతే. అంటే దాదాపు 27, ఏసీ లేని గదిలో శీతాకాలం మధ్యాహ్నం. ఫారన్‌హీట్ నుంచి నేరుగా కెల్విన్‌కి దూకొద్దు, సెల్సియస్‌లో ఒకసారి దిగి వెళ్ళండి. మన ఇంట్లో కెల్విన్ కనిపించేది ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద. 6500 కె అంటే తెల్లటి వెలుగు, 3000 కె అంటే పసుపు. బల్బు అంత కాలుతుందని కాదు. ఒక వస్తువుని అంత వేడిచేస్తే ఏ రంగులో వెలుగుతుందో ఆ రంగు అని అర్థం.

ఇక థర్మామీటర్ మీట సంగతి. పాత పాదరసం గొట్టాలకి ఈ బాధ లేదు. 94 నుంచి 108 దాకా గీతలు, 98.6 దగ్గర బాణం గుర్తు, విదిలించి పెట్టుకోవడమే. డిజిటల్‌వి చాలావాటిలో ఉన్న ఒక్క మీటనే కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సి పోయి ఎఫ్ వస్తుంది. కొన్ని మోడల్స్‌లో ఆఫ్‌లో ఉన్నప్పుడు నొక్కాలి, కొన్నిట్లో ఆన్ చేశాక. పెట్టెలో మడిచి ఉండే కాగితంలో రాసి ఉంటుంది, మనం దాన్ని చూడకుండా పారేస్తాం. పిల్లలు ఆడుకుంటూ మీట నొక్కి పట్టుకోవడం వల్లే సగం థర్మామీటర్లు నా దగ్గరికి వస్తాయని నా అనుమానం.

ఆ ఉగాది ముందు వచ్చినావిడకీ అదే చేశాను. మీట నొక్కి పట్టుకుని, ఎఫ్ వచ్చాక పిల్లాడి చంకలో మళ్ళీ పెట్టించాను. బీప్ అనగానే ఆవిడే తీసి చూసింది. 101.3.

"అమ్మో, నూటొకటి దాటిందే! ఇందాకటికీ ఇప్పటికీ ఇంత పెరిగిపోయిందా బాబాయ్ గారూ?" అంది.